జీడిపప్పు: మితమే హితం

పలాస జీడిపప్పు లేని చక్రపొంగలిని మన ప్రాంతంలో ఊహించలేము. ఈ చెట్టు జన్మస్థానం బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చారు. కనుక ఆయుర్వేద గ్రంథాలు చెప్పే భల్లాతకం ఇది కాదు. అది నల్లజీడి, శుద్ధి చేయకుంటే విషతుల్యం.

జీడిపప్పులోని కొవ్వులో అధికభాగం హృదయానికి మేలు చేసే ఓలియిక్ ఆమ్లం. మెగ్నీషియం, రాగి సమృద్ధిగా ఉన్నాయి. అయితే 100 గ్రాములలో సుమారు 550 కేలరీలున్నాయి. నేతిలో వేయించి, ఉప్పు చల్లి, దోసిళ్లకొద్దీ తిన్న నాకు స్థూలకాయం, వైద్యుని మందలింపు దక్కాయి. నేడు ఉప్పు, నెయ్యి తగలని పదిహేను పలుకులతో తృప్తి పడుతున్నాను.

ప్రసాదాన్ని కళ్లకద్దుకొని స్వీకరించండి. ఇంటికి కొన్న పొట్లాన్ని మాత్రం లెక్కపెట్టి తినండి. పడనివారు ముట్టరాదు.