దవడలో దాగిన దారి

జహీరాబాదు చుట్టుపట్ల చెరకు తోటలకు కొదువ లేదు. గడను పండ్ల నడుమ బిగించి, పెచ్చు చీల్చి, రసం పీల్చి పిప్పి ఉమిసే బాలునికి ఆ పని ఆటవలె ఉంటుంది. ఆ ఆటకు ఆధారం క్రింది దవడ. ముఖంలోని ఎముకలలో కదిలేది ఇదొక్కటే. అన్నింటికంటె గట్టిదీ ఇదే. అయితే ఇంత గట్టి ఎముక లోపల ఇరుప్రక్కలా ఒక్కొక్క సన్నని సొరంగం ఉన్నది. అందులో ఒక నరం, దానికి తోడుగా రక్తనాళాలు సాగుతున్నవి. క్రింది పండ్లకు, పెదవికి, గడ్డానికి స్పర్శజ్ఞానం కలిగించేది ఆ నరమే.

ఈ ఎముకను గురించి పండితులే చాలకాలం పొరబడ్డారు. రెండవ శతాబ్దంలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు క్రింది దవడ రెండు ఎముకల కూర్పు అని వ్రాశాడు. ఆయన కోసి చూచినవి ముఖ్యంగా జంతువుల కళేబరాలు. వందల సంవత్సరాలు ఆ మాటే ప్రమాణమైంది. మానవదేహాన్ని స్వయంగా పరిశీలించిన వెసేలియస్, అది ఒక్కటే ఎముక అని 1543లో తన గ్రంథంలో స్పష్టం చేశాడు. శిశువు పుట్టినప్పుడు మాత్రం అది రెండు ఖండాలే. మొదటి సంవత్సరంలో అవి అతుక్కుపోతవి.

నేటి పుస్తకంలోని పటం నిజమే. కాని అది పలువురి దవడలకు సామాన్యరూపం మాత్రమే. సొరంగం చర్వణకాల వేళ్ళ క్రిందుగా సాగి, గడ్డం ప్రక్కన ఒక రంధ్రం గుండా నరాన్ని వెలుపలికి పంపుతుంది. ఐరోపావారిలో ఆ రంధ్రం తరచు రెండు అగ్రచర్వణకాల నడుమ ఉంటుంది. భారతీయులలో ఎక్కువగా రెండవదాని క్రిందనే. కొందరికి రంధ్రాలు రెండు. కొందరిలో సొరంగమే రెండు పాయలవుతుంది. అటువంటివారికి మత్తుసూది వేసినా పన్ను పూర్తిగా మొద్దుబారకపోవచ్చును. పండ్లు ఊడిన వృద్ధులలో ఎముక పైఅంచు అరిగి, రంధ్రం పైకి వచ్చినట్లవుతుంది. కట్టుడుపండ్లు దానిమీద ఒత్తితే నొప్పి పుడుతుంది.

శస్త్రవైద్యుడు ముందుగా దారి చూచుకొనవలసింది ఇందుకే. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న కిరణాలు దవడ లోపలిని చూపగలిగాయి. కాని ఎక్స్‌రే పటం చదునైనది. జ్ఞానదంతపు వేరు నీడ, సొరంగపు నీడ ఒకదానిపై ఒకటి పడితే, ఏది ముందో ఏది వెనుకో తెలియదు. 1990ల చివర వచ్చిన కోన్ బీమ్ సీటీ ఆ లోతును కూడ చూపుతున్నది. ఇది అందరికీ అవసరం కాదు. నీడలు కలిసినచోటనే దాని ప్రయోజనం. వేరు నరాన్ని అంటియుంటే, పన్ను పైభాగం మాత్రమే తీసి వేళ్ళను విడిచిపెట్టే పద్ధతి ఉన్నది. కృత్రిమ దంతానికై దవడలో టైటానియం మర బిగించేటప్పుడు సొరంగానికి పైన కనీసం 2 మిల్లీమీటర్ల ఎముకను వదలుతారు.

నరం దెబ్బతింటే పెదవి కదులుతుంది, కాని స్పర్శ ఉండదు. వేడి తేనీటికి కాలినా తెలియదు; మెతుకు అంటినా తెలియదు. చాలమందికి కొన్ని వారాలలోనో నెలలలోనో స్పర్శ తిరిగివస్తుంది, కొద్దిమందికి రాదు. కావున జ్ఞానదంతం తీయించుకొనడానికి జహీరాబాదు నుండి సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదు చేరేవారు, పాత ఎక్స్‌రే పటాలను వెంట తీసుకొనిపోవడం మేలు. వైద్యుని ముందుగా అడుగదగిన ప్రశ్న ఒక్కటే: "నా పంటి వేరుకు నరం ఎంత దూరంలో ఉన్నదండీ?"