వానాధారపు మామిడి తోటలకు ఎరువు వేయు విధము

కృష్ణా కాలువల క్రింది వరిమడికి ఎరువు వేయుట ఒక తీరు. నూజివీడు, మైలవరము, తిరువూరు ప్రాంతముల ఎఱ్ఱని మెట్టనేలలలో వానను నమ్ముకొని పెంచు మామిడి తోటకు వేయుట వేఱొక తీరు. నీటిలో కరగిన సారమునే వేరు పీల్చుకొనగలదు. పదును లేని నేలలో ఎంత వెలగల ఎరువు వేసినను చెట్టునకు అందదు. కావున మెట్టతోట రైతు ఎంత వేయవలెనని విచారించుటకు ముందు, ఎప్పుడు వేయవలెనని విచారింపవలెను.

కాయ దిగునప్పటికి చెట్టు తన బలమును చాలవఱకు వెచ్చించి యుండును. అటుపిమ్మట వానలకు పుట్టు చిగురే ముదిరి మఱుసటి యేటి పూతకు ఆధారమగును. ఈ చిగురునకు బలము చాలనిచో పూతయు పలుచబడును. అయినను పెక్కుమంది తోటను పూతమీదనే గుత్తకిచ్చి, కోత ముగియగానే చెట్టును మఱచుచున్నారు. గుత్తదారునకు ఆ యేటి కాయతోనే పని. రాబోవు యేటి చింత తోట గలవానిదే.

తొలకరి వానలకు నేల బాగుగ తడిసిన పిమ్మట, జూన్, జూలై నెలలలో, మొదటి విడత వేయవలెను. రెండవ విడతను సెప్టెంబరు మొదటి పక్షములో పదును చూచి వేయవలెను. వాన లేనిచో మానుట మేలు. ఆ తరువాత పూత వచ్చువఱకు నత్రజని వేయరాదు. వేసినచో పూత రావలసిన కొమ్మ చిగురు తొడుగును. మధ్యధరా సముద్రతీర దేశములలో వానపై పెంచు ఓలివు తోటలకు చలికాలమందే వానలు గనుక, అక్కడివారు చలికాలపు చివర ఎరువు వేయుదురు. నియమమొక్కటే: వాన వెంట ఎరువు నడువవలెను.

నాటిన మొదటి యేట చెట్టునకు నత్రజని, భాస్వరము, పొటాష్ ఒక్కొక్కటి 100 గ్రాములు. ఏటేట 100 గ్రాముల చొప్పున పెంచి, 10వ యేటినుండి ఒక్కొక్కటి 1 కిలో ఈయవలెను. అనగా యూరియా సుమారు 2 కిలోల 200 గ్రాములు, సూపరు ఫాస్ఫేటు 6 కిలోల పావు, మ్యూరియేటు పొటాష్ 1 కిలో 700 గ్రాములు. ఎకరమునకు 40 చెట్లున్నచో యూరియా 45 కిలోల బస్తాలు రెండు, సూపరు 50 కిలోల బస్తాలు ఐదు, పొటాష్ సుమారు 68 కిలోలు పట్టును. ఇది రెండు విడతలకును కలిపిన లెక్క.

ఎరువును మొదట్లో కుప్పపోయరాదు. సారము పీల్చు సన్నని వేళ్లు అచ్చట తక్కువ. పెద్దచెట్టునకు మొదటినుండి 5, 6 అడుగుల దూరమున, కొమ్మల నీడ అంచులోపల, చుట్టును జానెడు లోతు గాడి తీసి, ఎరువు చల్లి మట్టి కప్పవలెను. భాస్వరము పడినచోటినుండి కదలదు గనుక దానికి ఈ గాడి మఱింత అవసరము.

ఎఱ్ఱ గరపనేల నీటిని నిలుపుకొనజాలదు. దానికి పశువుల ఎరువు, చెఱువుమట్టి, పచ్చిరొట్ట లేక బస్తా ఎరువు పూర్తిగా పనిచేయదు. తొలకరిలో చెట్ల నడుమ జనుముగాని పిల్లిపెసరగాని చల్లి, పూత దశలో, నేలలో తడి యుండగనే దున్ని కలియబెట్టవలెను. ఆలస్యమైనచో అదియే చెట్టు నీటిని త్రాగివేయును.

పొరుగువాడు వేసెనని సున్నము, జిప్సము వేయరాదు. సున్నము పులుపునేలకు, జిప్సము చౌడునేలకు మందు. రోగము తెలియక మందు వేయుట ధనవ్యయమే. ఒక్కొక్క అడుగు లోతున మట్టిని వేఱువేఱుగ తీసి పరీక్షింపించి, పిమ్మట నిర్ణయింపవలెను.

తొలకరి మనకొఱకు ఆగదు. కావలసిన ఎరువును సభ్యులు మే నెలలోనే లెక్కించి సంఘమునందు వ్రాయించినచో, వాన పడిననాటికి బస్తా తోటలో నుండును. కాయ అమ్మిన సొమ్ములో మొదటి భాగము చెట్టుదని తలపవలెను.