తోడు పెరుగు న్యాయము: సాఫ్ట్‌వేరు లైసెన్సులు రెండు విధములు



ఈ యేడు మన ఉపాధ్యాయులును, పదవ తరగతి విద్యార్థులును కలిసి గుణింతములు, ఒత్తులు నేర్పు చిన్న కంప్యూటరు ప్రోగ్రామును సిద్ధపరచినారు. హోసూరు, బళ్లారి, బరంపురము మొదలగు చోట్లనున్న తెలుగు పిల్లలకును అది అందవలెనని మన కోరిక. ఉచితముగ నిచ్చుటకు అందరును సమ్మతించిరి. ఏ లైసెన్సుతో నిచ్చుట యన్నది మాత్రము తేలవలసియున్నది. లైసెన్సు లేకుండ నిచ్చినచో, కాపీరైటు చట్టమును బట్టి దానిని మార్చి పంచు హక్కు ఇతరులకు రాదు.

మార్గములు ముఖ్యముగ రెండు.

మొదటిది కాపీలెఫ్టు. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో వెలువరించిన జి.పి.ఎల్. దీనికి ప్రసిద్ధోదాహరణము. ప్రోగ్రామును ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, అమ్మవచ్చును కూడ. అయితే మార్చినదానిని పరులకిచ్చునపుడు, దాని మూలమగు సోర్సు కోడును అదే లైసెన్సుతో వారికి లభింపజేయవలెను. మన యింటి తోడుతో పెరుగు చేసి పంచువారు, పెరుగుతోపాటు తోడును ఈయవలెనన్న నియమము వంటిదిది. తమ యింట తామే తినువారికి ఈ నిర్బంధము లేదు. లినక్సు కెర్నెలు 1992 నుండి ఈ లైసెన్సుతోనే వెలువడుచున్నది. తెలుగు వికీపీడియా వ్యాసములకును ఇట్టి నియమమే కలదు.

రెండవది సడలింపు లైసెన్సు. ఎం.ఐ.టి., బి.ఎస్.డి. లైసెన్సులు ఈ తెగవి. కర్తల కాపీరైటు ప్రకటనను, లైసెన్సు పాఠమును నిలిపిన చాలును. చేసిన మార్పులను దాచుకొనవచ్చును. ఆపిల్ కంపెనీ తన మాక్ వ్యవస్థలో బి.ఎస్.డి. కోడును చేర్చుకొన్నది ఇట్టి సౌలభ్యము చేతనే. షరతులు తక్కువగుటచే కంపెనీలు జంకక స్వీకరించును. వ్యాప్తి త్వరితముగ కలుగవచ్చును.

ఏది మేలు? వ్యాప్తియే ప్రధానమన్నచో రెండవది. మెరుగుపరచిన రూపము మరల పదిమందికి అందవలెనన్నచో మొదటిది. కొన్నేండ్ల క్రిందట మన ఉపాధ్యాయులు కూర్చిన పదపట్టికను ఒకరు కొనిపోయి, సవరించి, మనకే వెలకు అమ్మజూపిరి. ఆ సవరణలు మన పిల్లలకు దక్కలేదు. కావున నా మొగ్గు కాపీలెఫ్టు వైపే.

అయితే నిర్ణయము నా యొక్కనిది కాదు. కోడు వ్రాసిన బాలబాలికలకును అందు హక్కు కలదు. ఒకమారు లైసెన్సుతో వెలువడిన ప్రతులకిచ్చిన అనుమతిని మరల లాగికొనుట పొసగదు. తరువాత లైసెన్సు మార్చవలెనన్నను వ్రాసినవారందరి సమ్మతి కావలసివచ్చును. అందుచేత ఆ విద్యార్థుల తల్లిదండ్రులు సంతకము చేయుటకు ముందు, పిల్లలను కూర్చుండబెట్టుకొని, వారి యభిప్రాయమును తప్పక అడుగవలెనని ప్రార్థన.

— ప్రధానోపాధ్యాయుడు