మెదడుకు యంత్రాన్ని జోడించినప్పుడు

చేయి ఎత్తాలని అనుకొనగానే చేయి లేస్తుంది. ఈ రెండింటి మధ్య ఎంత పని జరుగుతున్నదో ఆరోగ్యవంతుడు గమనించడు. మెదడులో పుట్టిన ఆజ్ఞ వెన్నుపాము గుండా, నరాల గుండా ప్రయాణించి కండరాలను చేరుతుంది. ప్రమాదంలో వెన్నుపాము తెగినవానికి ఈ దారి మూసుకుపోతుంది. అయినా ఆజ్ఞ పుట్టడం ఆగదు. ఏళ్ల తరబడి మంచాన పడియున్న వ్యక్తి చేయి కదపడానికి ప్రయత్నించినప్పుడు, అతని మెదడులో ఆ సంకేతం కలుగుతూనే ఉంటుంది. తెగిన దారిని విడిచి, ఆ సంకేతాన్ని నేరుగా యంత్రానికి అందించడమే శాస్త్రజ్ఞుల ప్రయత్నం.

నాడీకణం పనిచేసిన ప్రతిసారి అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. మానవుని మెదడులోని ఈ విద్యుత్ కదలికలను తలపై నుండి మొదట నమోదు చేసినవాడు జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్, అది 1924లో. అయితే పుర్రె బయటి నుండి వినడం, పెళ్ళివారింటి గోడ అవతల నిలబడి వినడం వంటిది. సందడి తెలుస్తుంది గాని, ఎవరేమన్నదీ తెలియదు. అందుచేత పుర్రె తెరచి, సన్నని ఎలక్ట్రోడులను మెదడులోనే నాటే పద్ధతి వచ్చినది. 2004లో అమెరికాలో బ్రెయిన్‌గేట్ అనే ప్రయోగంలో, మెడ వద్ద వెన్నుపాము తెగిన ఒక యువకుని మెదడులో 4 మిల్లీమీటర్ల పలకను అమర్చారు. దానిలో 96 ఎలక్ట్రోడులున్నవి. చేయి కదపాలని తలచినంతనే అతడు కంప్యూటర్ తెరపై గుర్తును కదిలించగలిగాడు.

ఆ తరువాతి అడుగు మాట. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారి ప్రయోగంలో, ఏ.ఎల్.ఎస్. వ్యాధి వలన స్పష్టంగా పలుకలేని ఒక స్త్రీ పలుకబోయిన మాటలు నిమిషానికి 62 చొప్పున తెరపై కనిపించినవి. కాని పెద్ద పదకోశంతో పరీక్షించగా సుమారు నాలుగింట ఒక మాట తప్పు వచ్చినది. 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారు ప్రకటించిన ప్రయోగంలో నూటికి 97 మాటలు సరిగా వచ్చినవి.

యంత్రం నుండి నాడీమండలానికి పోయే మార్గం కూడా ఉన్నది. ఇది తెలుగువారికి కొత్త కాదు. కాక్లియర్ ఇంప్లాంట్ శబ్దాన్ని విద్యుత్తుగా మార్చి, లోపలి చెవిలో దించిన తీగ ద్వారా శ్రవణనాడికి అందిస్తుంది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం క్రింద పేద కుటుంబాల చెవిటి పిల్లలకు ఈ శస్త్రచికిత్స జరిగినది. అయితే శస్త్రచికిత్సతో పని ముగియదు. చెవి వెనుక ధరించే భాగానికి బ్యాటరీలు, తీగలు, మరమ్మతులు జీవితాంతం కావాలి.

ఆ ఆధారం తెగితే ఏమవుతుందో కంటి విషయంలో లోకం చూచినది. రెటీనా క్షీణించి చూపు పోయినవారికోసం అమెరికాలో ఆర్గస్-2 అనే సాధనం తయారైనది. తయారుచేసిన సంస్థ 2019లో ఉత్పత్తిని ఆపివేసినది. 2020లో ఉద్యోగులను చాలామందిని తొలగించినది. సాధనం రోగుల కంటిలోనే ఉండిపోయినది. చెడిపోతే బాగుచేయించుకునే దారి లేక కొందరు తిరిగి చీకటిలో పడ్డారు.

మరి ఈ యంత్రాలు మనసులోని గుట్టు చదువుతాయా? పైన చెప్పిన ప్రయోగాలలో పట్టుకొన్నది, కదలడానికి లేదా పలుకడానికి మనిషి చేసే ప్రయత్నాన్నే. కాని 2025లో స్టాన్‌ఫర్డ్‌వారే, పెదవి కదపక లోలోన అనుకొన్న మాటలు కూడా కొంతమేరకు పట్టుబడుతున్నవని చూపించారు. మనిషి ఒక గుర్తుమాటను తలచుకొన్న తరువాతనే యంత్రం పనిచేసేటట్లు ఒక తాళాన్ని కూడా పరీక్షించారు. చట్టం వైపు నుండి చిలీ దేశం ముందే మేలుకొన్నది. 2021లో మెదడు సమాచారానికి రక్షణ కల్పిస్తూ రాజ్యాంగాన్ని సవరించినది. 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఒక పౌరుని మెదడు సమాచారాన్ని తుడిచివేయవలసినదిగా ఒక కంపెనీని ఆదేశించినది.

కనుక ఇటువంటి సాధనాన్ని అంగీకరించబోయే రోగి, అతని కుటుంబం ముందుగా అడుగవలసినవి మూడున్నవి. పదేళ్ల తరువాత దీనిని బాగుచేసేదెవరు? ఇది సేకరించే సమాచారం ఎవరి వద్ద ఉంటుంది? వద్దనుకొంటే తీసివేయవచ్చునా? తన దేహాన్ని, తన లోపలి మాటను మరొకరి చేతిలో పెట్టడం అమానతు అప్పగించడమే. ఆ అమానతుకు గడువు కంపెనీ లాభనష్టాలను బట్టి కాదు, రోగి ఆయుష్షును బట్టి ఉండాలి.