మర్రి ఆకు, మర్రి పండు: క్రోషియా అల్లికను గూర్చి

వనశోభను గూర్చి వ్రాసేవారు సాధారణంగా దట్టమైన అడవులను, సెలయేళ్లను స్మరిస్తారు. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం, అది కూడా నిలకడ లేకుండా కురిసే మన పీఠభూమిలో అటువంటి వర్ణనలకు తావు తక్కువ. పేరులోనే చెరువును నిలుపుకొన్న కొత్తచెరువు వాసులకు నీటి విలువను, నీడ విలువను వేరుగా బోధించనక్కరలేదు. అయినప్పటికీ మనకు వనమే లేదనడం సరికాదు. కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదు ఎకరాల నేలపై పరచుకొని, 1989లో గిన్నిస్ గ్రంథానికెక్కింది. ఒకే చెట్టు ఊడలు దించి, ఆ ఊడలే బోదెలై, వనంగా విస్తరించింది. ఒకే దారం ఉచ్చు వెంట ఉచ్చుగా సాగి వస్తువుగా రూపొందే క్రోషియా అల్లికకు ఇంతకంటె తగిన ఉపమానం దొరకదు. అందుచేత మర్రి రెమ్మను పోలిన ఒక చిన్న అలంకారాన్ని అల్లే విధానాన్ని, ఆ విద్య చరిత్రను, దాని వెనుకనున్న శ్రమ విలువను ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాను.

క్రోషియా అనే మాట ఫ్రెంచి భాష నుండి వచ్చింది. చిన్న కొక్కెము అని దాని అర్థం. మన పొరుగున ఉన్న ధర్మవరం మగ్గాలపై పడుగు, పేక అని రెండు వరుసల దారాలు ఒకదానినొకటి దాటుతూ వస్త్రమవుతాయి. స్వెట్టరు అల్లే రెండు సూదుల పనిలో ఒక వరుసలోని ఉచ్చులన్నీ సూదిపైననే నిలిచి ఉంటాయి. క్రోషియాలో మాత్రం కుట్టు ముగిసిన ప్రతిసారీ సూదిపై మిగిలేది ఒకే ఒక ఉచ్చు. కనుకనే పొయ్యిమీద పాలు పొంగినా, గడపలో బంధువులు పిలిచినా, పనిని అక్కడికక్కడ ఆపి మరల అందుకోవచ్చు. గృహిణుల చేతిలో ఈ విద్య నిలిచిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ సౌలభ్యమే తరువాత వారికి ఎట్టి చిక్కు తెచ్చిపెట్టిందో ముందు ముందు చూడగలము.

ఇక విధానము. ఆకుపచ్చ, ఎరుపు, గోధుమ రంగుల నూలు దారపుండలు, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మందము గల కొక్కెపు సూది, కొద్దిగా దూది ఉంటే చాలును. ఆంగ్ల గ్రంథాలలో ఒకే కుట్టును బ్రిటిషువారు ఒక పేరుతో, అమెరికావారు మరొక పేరుతో పిలుస్తారు. అందువలన పేర్ల జోలికి పోక, చేతి కదలికనే చెబుతాను.

సూదిపై ఉన్న ఉచ్చులోగుండా దారాన్ని ఒకసారి లాగితే ఒక గొలుసు కన్ను ఏర్పడుతుంది. సూదిని ఒక కంటిలో గుచ్చి దారాన్ని లాగితే సూదిపై రెండు ఉచ్చులుంటాయి. మరల దారాన్ని ఆ రెంటిలోగుండా లాగితే అది పొట్టి కుట్టు. గుచ్చకముందే దారాన్ని సూదికి ఒక చుట్టు చుట్టి, గుచ్చి లాగితే మూడు ఉచ్చులుంటాయి. దారాన్ని మొదట రెంటిలోగుండా, తరువాత మిగిలిన రెంటిలోగుండా లాగితే అది పొడుగు కుట్టు. ఈ మూడు కదలికలు చేతికి వస్తే మిగిలినదంతా లెక్క మాత్రమే.

ఆకుకు 12 గొలుసు కన్నులు అల్లవలెను. ఇదే ఆకు నడిమి ఈనె. సూది నుండి రెండవ కంటితో మొదలుపెట్టి, కంటికొకటి చొప్పున రెండు పొట్టి కుట్లు, ఆరు పొడుగు కుట్లు, రెండు పొట్టి కుట్లు వేయవలెను. చివరి కంటిలో మూడు పొట్టి కుట్లు వేస్తే అల్లిక మలుపు తిరుగుతుంది. ఈనె రెండవ వైపున కూడ అదే క్రమాన్ని పాటించి, మొదటి కుట్టుతో కలిపి, ఐదు గొలుసు కన్నుల తొడిమ అల్లి దారం తెంచవలెను. మొత్తం 23 కుట్లు. నడుమ పొడుగు కుట్లు ఉన్నందున ఆకు నడుమ వెడల్పుగా, చివరలు సన్నగా, మర్రి ఆకువలె నునుపైన అంచుతో వస్తుంది.

పండుకు ఎర్ర దారం. చిన్న వలయంలో ఆరు పొట్టి కుట్లు వేయాలి. రెండవ చుట్టులో కుట్టుకు రెండేసి వేస్తే 12. మూడవ చుట్టులో ఒక కుట్టులో ఒకటి, మరుసటి కుట్టులో రెండు చొప్పున వేస్తే 18. తరువాత మూడు చుట్లు పెంపు లేక 18 చొప్పుననే సాగాలి. ఏడవ చుట్టులో ఒక కుట్టు వేసి, ఆ తరువాతి రెంటిని ఒకటిగా కలుపుతూ పోతే 12 మిగులుతాయి. అప్పుడు దూది కూరి, ఎనిమిదవ చుట్టులో రెండేసి కలిపితే ఆరు. దారం కొనను ఆ ఆరింటిలోగుండా లాగి బిగించవలెను. చుట్టు చుట్టుకు ఆరేసి పెంచితే అల్లిక బల్లపరుపుగా విచ్చుకొంటుంది, పెంపు ఆపితే గిన్నెవలె దిగుతుంది, తగ్గిస్తే మూతపడుతుంది. మన ఇండ్లలో అల్లే తెల్లని నమాజు టోపీకి కూడ ఇదే సూత్రం. నడినెత్తిన చిన్న వలయంతో మొదలై, పెంపుతో విచ్చుకొని, పెంపు ఆగినచోట నుదుటివైపు దిగుతుంది. టోపీ అల్లడం చూచినవారికి పండు అల్లడం కొత్త విద్య కానేరదు.

మర్రి పండ్లు ఆకు మొదట జంటగా కాస్తాయి, వాటికి తొడిమ ఉండదు. కనుక రెండు ఆకుల నడుమ రెండు పండ్లను ఆనించి కుట్టి, గోధుమ రంగు దారంతో 40 కన్నుల గొలుసులు మూడు అల్లి ఊడలుగా వ్రేలాడదీస్తే అలంకారం పూర్తి అయినట్లే. గుమ్మానికి గాని, పుస్తకాల అలమారుకు గాని ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూతము. ఒక పండుకు 108 కుట్లు, రెంటికి 216. ఆకులు రెంటికి 46. గొలుసు కన్నులను వదిలివేసినా 262 కుట్లు. అరచేతిలో ఇమిడే వస్తువుకు 262 సార్లు సూది గుచ్చి లాగవలసి ఉన్నది. మార్కెట్టుకు సరిపడునంతగా నిజమైన క్రోషియా కుట్టును వేయగల యంత్రం నేటికీ లేదు. యంత్రపు లేసులు ఇతర పద్ధతులలో తయారైన పోలికలు మాత్రమే. లోకంలో ఎక్కడ క్రోషియా వస్తువు కనిపించినా, దాని ప్రతి కుట్టు వెనుక ఒక మనిషి చేయి ఉన్నదని గ్రహించవలెను.

ఆ చేయి ఎవరిదన్న ప్రశ్నకు చరిత్ర సమాధానం చెబుతుంది. కరువుకు, ఈ విద్యకు పాత చుట్టరికం. మన దత్తమండలాలను 1876–78 నాటి కరువు కబళించడానికి మూడు దశాబ్దాలకు ముందు, 1845 నుండి 1852 వరకు ఐర్లండు దేశాన్ని బంగాళాదుంప తెగులు వల్ల కలిగిన మహాక్షామం పీడించింది. దాదాపు పది లక్షలమంది మరణించారు. ఆ కాలంలో మఠాలలోను, గ్రామాలలోను పేద స్త్రీలకు క్రోషియా నేర్పి, దానితో నాలుగు డబ్బులు సంపాదించే మార్గం చూపారు. క్లోన్స్ అనే ఊరిలో ఈ పని 1847లో మొదలైంది. ఆకులు, పువ్వులు విడివిడిగా అల్లి, తరువాత సన్నని వల అల్లికతో కలపడం ఐరిష్ లేసు ప్రత్యేకత. మనం పైన అల్లిన ఆకు ఆ కుటుంబానికి చెందినదే.

మన తెలుగు దేశంలో పశ్చిమ గోదావరిలోని నరసాపురం ఈ విద్యకు కేంద్రం. క్రైస్తవ మిషనరీలు 1844లో అక్కడ లేసు అల్లికను ప్రవేశపెట్టారని చెబుతారు. తరతరాలుగా స్త్రీలు ఇంటిపట్టున అల్లిన లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ అక్కడి స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రకటించారు. వ్యాపారి దారమిస్తాడు, స్త్రీ ఇంటిలో అల్లుతుంది, పనిని బట్టి కూలి ముట్టుతుంది. ఇంటిపనికి తోడు రోజుకు ఎన్నో గంటలు అల్లినా, ఆమె గృహిణియే గాని శ్రామికురాలు కాదనీ, అల్లిక తీరికవేళ కాలక్షేపమనీ అందరూ భావించారు. ఆ భావనయే కూలిని అణచివుంచిందని మీస్ వాదన. పనిని ఎప్పుడైనా ఆపి అందుకోగల సౌలభ్యమే దానిని పనిగా కనబడనీయకుండ చేసింది. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు రక్షణ దొరకడం సంతోషదాయకమే. అల్లే చేతికి తగిన కూలి దొరకడం వేరే సాధించవలసిన విషయం.

వాన తప్పినప్పుడు వేరుసెనగ చేను ఎండుతుంది, వలసలు మొదలవుతాయి. అట్టి మండలంలో ఇంటిపట్టున చేయదగిన ఏ చేతిపనియైనా ఆదరణీయమే. అయితే నరసాపురం అనుభవం మనకు ముందుగానే ఒక హెచ్చరికను అందించింది. విద్యార్థినులు ఈ రెమ్మను అల్లేటప్పుడు గడియారం చూచి, పట్టిన కాలాన్ని వ్రాసిపెట్టుకోవలెను. వెల కట్టేటప్పుడు దారం ఖరీదుతోపాటు ఆ గంటల కూలిని కూడ కలపవలెను. గణితం, వాణిజ్యశాస్త్రం చదివేవారికి ఇది చక్కని అభ్యాసం. విద్యార్థులు సైతం సూది పట్టడానికి సంకోచించనక్కరలేదు. 262 కుట్లు వేసిన చేయి తరువాత బజారులో బేరమాడేటప్పుడు కొంత వెనుకాడుతుంది.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవ వేదికకు ప్లాస్టిక్ తోరణాలు కొనే సొమ్ములో కొంత భాగంతో చేతి అల్లికలు కొనవచ్చును. ప్రదర్శనలో ప్రతి వస్తువు ప్రక్కన పేరుతోపాటు పట్టిన గంటలను, ఇవ్వదగిన కూలిని తెలిపే చీటీ ఉంచవచ్చును. "తీరికవేళ అల్లినది" అనే మాటను ఆ చీటీలపై వ్రాయకుండ ఉండగలిగితే, మన కళాశాల ఒక మంచి సంప్రదాయానికి నాంది పలికినట్లవుతుంది.