సంతానము కొరకు వాడు మాత్రలు – గుండె విషయమున జాగ్రత్తలు

వివాహమై రెండు మూడు సంవత్సరములు గడచినను సంతానము కలుగని దంపతులకు, బహిష్టు సరిగా రానిచో, నేడు మొట్టమొదట వ్రాయు మందు అండము విడుదలగుటకు ఇచ్చు మాత్రయే. కామవరపుకోట, తాడికలపూడి, చింతలపూడి ప్రాంతముల నుండి నా వద్దకు వచ్చు స్త్రీలలో అనేకులు ఆ మాత్రలను కొన్ని నెలలు వాడినవారే. ఏలూరులోనో తాడేపల్లిగూడెములోనో డాక్టరుగారు ఒకమారు వ్రాసియిచ్చిన చీటీనే దాచుకొని, మరల పరీక్షకు పోకుండ, మందుల షాపులో అవే మాత్రలు కొని నెలనెలా మ్రింగువారును కలరు. వీరు తరచుగా అడుగు ప్రశ్న యొకటి ఉన్నది: "ఈ బిళ్ళలు వాడితే గుండెకు దెబ్బంటండి, నిజమేనా అండీ?"

దీనికి అవునని గాని కాదని గాని ఒక్కమాటలో చెప్పుట తగదు. సారాంశము ముందుగనే చెప్పెదను. ఈ మాత్రలను సరియైన మోతాదులో, కొలది నెలలు, డాక్టరు పర్యవేక్షణలో వాడినచో అవి గుండెను చెరచునని ఋజువు కాలేదు. అయినను జాగ్రత్తపడవలసిన తావులు మూడు కలవు. మొదటిది రక్తపు గడ్డ. రెండవది, అంతకుముందే ఉండి తెలియకుండిన గుండెజబ్బు. మూడవది, అండమును విడుదల కానీయని మూలరోగమే ముందుముందు గుండెకును శత్రువగుట. ఈ మూడవదానిని మన ఇండ్లలో పట్టించుకొనువారు అరుదు.

మాత్రలు చేయు పని

మెదడు అడుగుభాగమున నున్న పీయూష గ్రంథి నుండి వచ్చు హార్మోనుల వలన అండాశయములో అండము పక్వమగును. రక్తములో ఈస్ట్రోజెన్ తగినంత ఉన్నదని మెదడు గ్రహించినచో పీయూష గ్రంథి తన పనిని తగ్గించుకొనును. క్లోమిఫీన్ అను మందు ఆ ఈస్ట్రోజెన్‌ను మెదడు గుర్తింపకుండ అడ్డుపడును. లెట్రోజోల్ అను మందు ఈస్ట్రోజెన్ తయారీనే కొన్ని దినములు తగ్గించును. రెండింటి వలనను పీయూష గ్రంథి చురుకుగా పనిచేసి అండమును పక్వము చేయించును.

క్లోమిఫీన్‌కు అమెరికాలో 1967లో అనుమతి లభించినది. లెట్రోజోల్ మొదట రొమ్ము క్యాన్సరుకు వచ్చిన మందు. సంతాన చికిత్సలో దాని వాడుకను భారత ప్రభుత్వము 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధమును తొలగించినది. పి.సి.ఓ.ఎస్. అని డాక్టర్లు వ్రాయునదియు, అండాశయములో నీటిబుడగలని మన స్త్రీలు చెప్పుకొనునదియు నగు వ్యాధి గల 750 మందిపై అమెరికాలో చేసిన పరిశోధన 2014లో వెలువడినది. అందు లెట్రోజోల్ వాడినవారిలో నూటికి సుమారు 27 మందియు, క్లోమిఫీన్ వాడినవారిలో 19 మందియు బిడ్డను కనిరి. పి.సి.ఓ.ఎస్. గలవారికి నేడు లెట్రోజోల్‌నే ముందుగా ఎంచుకొనుచున్నారు.

క్లోమిఫీన్ సాధారణముగా 50 మిల్లీగ్రాముల మాత్రతో మొదలుపెట్టి, బహిష్టు తొలిదినములలో ఐదు దినములు మాత్రమే వాడుదురు. ఆరు బహిష్టులకు మించి కొనసాగింపరు. కాలేయ వ్యాధి గలవారికిని, కారణము తెలియని రక్తస్రావము గలవారికిని ఇది నిషిద్ధము. కంటిచూపు మసకబారినను, మెరుపులు కనబడినను వెంటనే మానవలెను. రక్తములో ట్రైగ్లిజరైడ్లు అను క్రొవ్వు ముందే హెచ్చుగా నున్నవారికి ఈ మందు వలన అది మరింత పెరిగి క్లోమగ్రంథి వాచు ప్రమాదమును కలదు. పాత చీటీతో మాత్రలు కొనరాదనుటకు ఇవన్నియు కారణములే.

మొదటి భయము – రక్తపు గడ్డ

మాత్రలతో ఫలితము లేనిచో ఇంజెక్షన్లు ఇత్తురు. ఇవి అండాశయమును నేరుగా ప్రేరేపించును. కొందరిలో ఒకేమారు అనేక అండములు పెరిగి అండాశయములు వాచును. రక్తనాళములలోని నీరు కడుపులోనికి, ఒక్కొక్కప్పుడు రొమ్ములోనికి ఊరును. నీరు బయటికి పోగా మిగిలిన రక్తము చిక్కబడును. చిక్కబడిన రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ కాలిలోనో మెడలోనో ఏర్పడి ఊపిరితిత్తులకు చేరవచ్చును. మెదడు నాళములో అడ్డుపడినచో పక్షవాతము రావచ్చును. మాత్రలతో ఇది అరుదు, ఇంజెక్షన్లతో అధికము. చిన్న వయసువారిలోను, పి.సి.ఓ.ఎస్. గలవారిలోను మరింత జాగ్రత్త వలయును.

కడుపు ఉబ్బి బిగుసుకొనుట, ఆగని వాంతులు, మూత్రము తగ్గుట, దినమునకు కిలో చొప్పున బరువు పెరుగుట, ఒకే కాలు వాచి నొప్పిపెట్టుట, ఆయాసము, రొమ్ములో నొప్పి, మూతి వంకరపోవుట, చేయి గాని కాలు గాని పట్టుదప్పుట – వీటిలో ఏది కనబడినను కషాయములు కాచుచు కూర్చుండరాదు. వెంటనే 108కు ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి చేరవలెను. కుటుంబములో రక్తపు గడ్డల జబ్బు ఉన్నచో చికిత్సకు ముందే డాక్టరుకు తెలుపవలెను.

రెండవ భయము – తెలియని గుండెజబ్బు

గర్భిణికి రక్తపరిమాణము సుమారు 40 నుండి 50 శాతము పెరుగును. ఆ బరువంతయు గుండెయే మోయవలెను. మన పల్లెలలో చిన్నతనమున గొంతునొప్పి, కీళ్లవాపులతో జ్వరము వచ్చి, దానివలన గుండె కవాటములు చెడిన స్త్రీలు ఇప్పటికిని కలరు. పొలము పనిలో ఆయాసము వచ్చినను బలహీనత యని సరిపెట్టుకొందురు. గర్భము నిలిచిన పిమ్మట ఐదవ ఆరవ మాసమున ఆ జబ్బు బయటపడును. అట్టివారికి మాత్ర వలన కీడు కొంచెమే. మాత్ర ఫలించుటయే ప్రాణాపాయము కావచ్చును. కావున మాత్రకు ముందు గుండె చప్పుడును ఒకమారు డాక్టరుచే విననిచ్చుట మంచిది.

వయసు విషయమును ఇట్టిదే. 2019లో గుంటూరులో డెబ్బది దాటిన స్త్రీ కృత్రిమ గర్భధారణతో కవలలను కనుట దేశమంతట చర్చకు వచ్చినది. తరువాత వచ్చిన 2021 నాటి చట్టము, అట్టి చికిత్సకు స్త్రీకి 50 సంవత్సరముల గరిష్ఠ వయసును నిర్ణయించినది. సాధ్యమైనదంతయు క్షేమము కాదని గ్రహింపవలెను.

మూడవ భయము – మూలరోగము

కెనడా దేశపు ఒంటారియో రాష్ట్రమున సంతాన చికిత్స పొందిన 28,442 మంది స్త్రీలను కొన్ని సంవత్సరములు గమనించి, 2017లో ఫలితములు ప్రకటించిరి. వారిలో మూడవ వంతు మందికే బిడ్డలు కలిగిరి. చికిత్స ఫలించినవారితో పోల్చగా, ఫలింపనివారిలో గుండె, రక్తనాళముల జబ్బులు సుమారు ఐదవ వంతు అధికముగా కనబడినవి. ఇద్దరును మందులు వాడినవారే. అయినచో భేదమెక్కడ? మందులోనే దోషమున్నదని దీనివలన తేలదు. ఏ దేహస్థితి గర్భమును నిలువనీయలేదో, అదియే గుండెను కూడ బాధించుచుండవచ్చునని ఊహింపవలసి యున్నది. పైగా ఈ జబ్బులు ఆ వయసులో మొత్తముమీద అరుదే గనుక భీతిల్ల నవసరము లేదు.

పి.సి.ఓ.ఎస్. సంగతి చూడుడు. అది అండాశయపు జబ్బుగా మాత్రమే కనబడును. లోపల ఇన్సులిన్ పని మందగించి, నడుము లావెక్కి, చక్కెర, క్రొవ్వు, రక్తపుపోటు క్రమముగా పెరుగుచుండును. ఇవన్నియు గుండెకు శత్రువులే.

మన శాస్త్రమున రసధాతువును మోయు స్రోతస్సులకు మూలము హృదయమని చరకుడు చెప్పెను. స్త్రీకి ఆర్తవము ఆ రసము నుండియే కలుగునని గురువులు మాకు బోధించిరి. గర్భమునకు ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును వలయునని సుశ్రుతుడు చెప్పెను. ఇందు అంబువనగా పోషించు రసము. డెల్టా రైతునకు ఇది చెప్పనక్కరలేదు. కాలువనీరు చెడినచో ఒక్క మడి మాత్రమే ఎండదు, ఆ కాలువ క్రింది ఆయకట్టంతయు చెడును. రసము చెడినపుడు ఆర్తవము ముందుగా తప్పును, హృదయము తరువాత తెలుపును. ఇది పరిశోధనకు సాటియగు ఋజువు కాదు; కాని రోగిని చూడవలసిన తీరును నేర్పును. బహిష్టు తప్పుటను గర్భాశయపు సంగతిగా మాత్రమే చూడరాదు.

మాత్రకు ముందు చేయించవలసినవి

1. రక్తపుపోటు, బరువు, నడుము కొలత. మన స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు దాటుట మంచిది కాదు.

2. రక్తములో చక్కెర, క్రొవ్వులు, థైరాయిడ్, హిమోగ్లోబిన్. పరగడుపున చక్కెర 100 దాటినచో డాక్టరు సలహా పొందవలెను.

3. అండాశయముల స్కానింగ్. మాత్రలు వాడునపుడును అండము పెరుగుదలను స్కానింగ్‌తో చూడవలెను.

4. భర్తకు వీర్యపరీక్ష. కోడలికి ఆరు నెలలు మాత్రలు మ్రింగించిన పిదప కుమారునికి పరీక్ష చేయించు ఇండ్లు ఇంకను కలవు. ఇది అన్యాయము, ధనవ్యయము కూడ.

ఇంటియందు పాటింపవలసినవి

స్థూలకాయము గలవారు ఉన్న బరువులో నూటికి ఐదు నుండి పది వంతులు తగ్గినచో, మందు లేకయే అనేకులకు అండము విడుదల యగును. 70 కిలోల స్త్రీకి ఇది మూడున్నర నుండి ఏడు కిలోలు మాత్రమే. దినమునకు అరగంట చొప్పున వారమునకు ఐదు దినములు వేగముగా నడువవలెను.

పాలిషు పట్టిన బియ్యపు అన్నము సగము తగ్గించి, ఆ తావున జొన్నరొట్టె, రాగిసంకటి, ఉలవచారు, పెసలు, ఆకుకూరలు చేర్చవలెను. కొల్లేటి చేపను వేపుడు కంటె పులుసుగా తినుట మేలు. మా ప్రాంతమున పామాయిలు తోటలు మెండు. కాని ఆ నూనెలో ఇంచుమించు సగము గడ్డకట్టు జాతి క్రొవ్వు గనుక మితముగా వాడవలెను. ఆవకాయలు, అప్పడములు రక్తపుపోటు గలవారు తగ్గింపవలెను. రాత్రి భోజనము పెందలకడ ముగించి, ఏడుగంటలు నిదురింపవలెను.

రెండు వైద్యములు కలుపు విషయము

మాత్రలు వాడు నెలలోనే శతావరి, అశోక, కలబంద మొదలగు వానిని తమంతట తాము కలిపి వాడరాదు. మేలు జరిగినను కీడు జరిగినను దేనివలననో తెలియదు. అతిమధురము చిరకాలము సేవించినచో రక్తపుపోటు పెరుగును. పోటు గల స్త్రీ దానిని మానవలెను. పాదరసము, సీసము చేరిన రసౌషధములను గర్భము కోరు స్త్రీ అసలే ముట్టరాదు. ఇరువురు వైద్యులకును రెండు మందుల సంగతియు చెప్పవలెను. దాచుట వలన నష్టపోవునది రోగియే.

చివరగా పెద్దలకొక మాట. చికిత్స ఫలించి బిడ్డ కలిగినచో ఇల్లంతయు ఆ తల్లిని కనిపెట్టుకొని యుండును. ఫలింపనిచో ఆమె రిపోర్టులు బీరువాలో చేరును, ఆమెను ఏ డాక్టరు వద్దకును మరల తీసికొని పోరు. పైన చెప్పిన పరిశోధనను బట్టి ఎక్కువగా గమనింపవలసినది ఆమెనే. కడుపు పండలేదని ఆమెను వదలివేయరాదు. సంవత్సరమునకు ఒకమారు ఆమెకు రక్తపుపోటు, చక్కెర, క్రొవ్వు పరీక్షలు చేయించుడు. బిడ్డ కలిగినను కలుగకున్నను ఆ గుండె మీ ఇంటి గుండెయే.