మీ కంప్యూటర్‌లోనే ఒక వెబ్‌సైట్: డ్రూపల్‌తో తొలి అడుగులు

ప్రభుత్వ శాఖల గణాంకాలను అందరికీ అందించే డేటా.గవ్.ఇన్ పోర్టల్‌ను ఢిల్లీలోని నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్, అంటే ఎన్‌ఐసీ, నిర్వహిస్తోంది. 2012లో ఎన్‌ఐసీ, అమెరికా డేటా.గవ్ బృందం కలిసి ఓపెన్ గవర్నమెంట్ ప్లాట్‌ఫామ్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి, దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా తీసుకుని వాడుకునేలా బయటపెట్టాయి. దానికి పునాది డ్రూపల్. బెల్జియంకు చెందిన డ్రీస్ బాయ్‌టార్ట్ 2001లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది.

లాగిన్, పేజీల అమరిక, సమాచారం భద్రపరచడం దాదాపు ప్రతి వెబ్‌సైట్‌కూ కావాలి. వీటిని ప్రతిసారీ కొత్తగా రాయనక్కర్లేకుండా ముందే సిద్ధం చేసి ఇచ్చేదే ఫ్రేమ్‌వర్క్. అయితే డ్రూపల్ ఒంటరిగా నడవదు. పీహెచ్‌పీ, ఒక డేటాబేస్, ఒక వెబ్ సర్వర్ తోడుండాలి. కొత్తవారు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే: అన్నీ ఉన్నా, ఒకదాని వెర్షన్ మరొకదానికి సరిపడదు!

ఈ ఇబ్బందిని డాకర్ తప్పిస్తుంది. సరిపడే వెర్షన్లన్నిటినీ కంప్యూటర్‌లోని మిగతా సాఫ్ట్‌వేర్‌కు తగలకుండా విడి పెట్టెల్లో ఉంచి నడుపుతుంది. డాకర్‌తో పాటు డీడెవ్ అనే ఉపకరణాన్ని పెట్టుకుని, ఖాళీ ఫోల్డర్‌లో ప్రాజెక్టు రకం డ్రూపల్ అని చెబితే సర్వర్, డేటాబేస్ సిద్ధమవుతాయి. తర్వాత కంపోజర్ అనే ప్రోగ్రామ్ డ్రూపల్‌ను, దానికి కావలసిన లైబ్రరీలను దించుతుంది. బ్రౌజర్‌లో సైట్ పేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తే పని పూర్తవుతుంది.

ఆ సైట్ ఉండే చిరునామా 127.0.0.1. ఈ చిరునామాకు పంపిన సమాచారం నెట్‌వర్క్‌లోకి వెళ్లదు. కంప్యూటర్ తనకు తానే ఉత్తరం రాసుకున్నట్టు లోపలే తిరిగి వస్తుంది. 127తో మొదలయ్యే సుమారు 1.67 కోట్ల చిరునామాలను ఇందుకే కేటాయించారు. వాటిలో మనం వాడేది సాధారణంగా ఒక్కటే! అయితే సర్వర్‌ను 0.0.0.0 మీద నడిపితే అదే వైఫైలో ఉన్న ఇతరులకూ సైట్ కనిపించవచ్చు. కాలేజీ హాస్టల్‌లోనో, నోయిడా, గురుగ్రామ్ ఆఫీసుల్లోనో ఇది గుర్తుంచుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, ప్రజలు వాడే సైట్ మీద ప్రయోగాలు చేయలేం. 2011 జనవరి 5న విడుదలైన డ్రూపల్ 7కు 2025 జనవరి 5తో అధికారిక మద్దతు ముగిసింది. ఇకపై అందులో లోపం బయటపడినా డ్రూపల్ భద్రతా బృందం సవరణ విడుదల చేయదు. డ్రూపల్ 8 నుంచి లోపలి నిర్మాణమే మారిపోయింది కాబట్టి, పాత సైట్‌ను ఒక్క మీటతో కొత్తదానికి మార్చడం కుదరదు. సమాచారాన్ని విడిగా తరలించాలి, మాడ్యూళ్లకు ప్రత్యామ్నాయాలు వెతకాలి. అందుకే ముందు పాత డేటాబేస్ నకలును సొంత కంప్యూటర్‌లోకి తెచ్చి, తరలింపును అక్కడ ఎన్నిసార్లయినా చేసి చూస్తారు. ఆ నకలు తెచ్చేముందే వాడుకరుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు చెరిపేయాలి. సర్వర్‌కు ఉన్నంత కాపలా ల్యాప్‌టాప్‌కు ఉండదు.